ఆవుముక్కు టేకు చేప, మన పిల్లల ప్రశ్నలు

ఆదివారం తరగతుల్లో చిన్నపిల్లలకు స్టింగ్‌రే గురించి చెప్పాలని మేము ముందుగా అనుకోలేదు. 2024 ఫిబ్రవరిలో ఆ మాట పిల్లలే తెచ్చారు. మన రాష్ట్రంలోనే, పడమటి కొండల్లో ఉన్న హెండర్సన్‌విల్ అనే ఊళ్ళో ఒక చిన్న అక్వేరియంలో షార్లెట్ అనే స్టింగ్‌రే ఉండేది. ఆ తొట్టిలో దాని జాతి మగది ఒక్కటీ లేదు. అయినా అది కడుపుతో ఉందని ఆ నెలలో వార్త వచ్చింది. ఇక టీవీల్లోనూ, స్కూళ్ళలోనూ అదే మాట. శ్లోకం పూర్తవగానే పిల్లలు చేతులెత్తారు. "ఆంటీ, నాన్న లేకుండా పిల్లలు ఎలా పుడతారు?" అమ్మమ్మ దగ్గర మైరావణుడి కథ విన్న ఒక బాబు, "హనుమంతుడి చెమట చుక్క మింగితే చేపకు మత్స్యవల్లభుడు పుట్టాడు కదా, అలాగా?" అన్నాడు. ఆ రోజు పాఠం అక్కడితో ఆగిపోయింది.

మాకు తెలిసినంత చెప్పాం. కొన్ని జీవుల్లో ఆడదాని అండమే మగ తోడు లేకుండా పిల్లగా ఎదగవచ్చు. దాన్ని పార్థినోజెనిసిస్ అంటారు. 2001లో నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలోని జంతుప్రదర్శనశాలలో ఒక ఆడ సొరచేపకు అలాగే పిల్ల పుట్టింది. తండ్రి లేదని జన్యు పరీక్షల్లో తేలి, 2007లో ఆ సంగతి ప్రచురించారు. షార్లెట్ తొట్టిలో చిన్న సొరచేపలు కూడా ఉన్నాయి కాబట్టి తండ్రి సొరచేపేనేమో అని బయట పుకారు లేచింది. రెండూ దూరపు జాతులు, అది కుదిరే పని కాదని శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పారు. సగం సొరచేప, సగం స్టింగ్‌రే పుడుతుందని ఆశపడిన పిల్లల ముఖాలు చిన్నబోయాయి.

తర్వాత వారం వారం "పుట్టాయా?" అన్న ప్రశ్నే. పుట్టలేదు. మే నెలాఖరులో, షార్లెట్‌కు పునరుత్పత్తి అవయవాలకు వచ్చే అరుదైన జబ్బు ఉందని చెప్పారు. జూన్ ఆఖరుకు అది చనిపోయింది. వేసవి సెలవులు అయ్యాక తరగతికి వచ్చిన ఒక పాప మమ్మల్ని సూటిగా అడిగింది. "పిల్లలు పుడతాయని మీరు చెప్పింది అబద్ధమా?" మేము కాసేపు తడుముకున్నాం. అబద్ధం కాదు, కానీ పొరపాటు. విన్నదాన్ని ఖాయమైన సంగతిలా మేము చెప్పేశాం. అలాగే ఒప్పుకున్నాం. ఈసారి ఆ చేప ఎలా బతుకుతుందో మొదటినుంచి సరిగ్గా నేర్చుకుందాం అని పిల్లలతో అనుకున్నాం.

పేరు దగ్గరే ఆలస్యం అయింది. తెలుగులో ఏమంటారని అడిగితే మాలో ఎవరికీ వెంటనే తట్టలేదు. మచిలీపట్నం నుంచి కూతురి దగ్గరకు వచ్చిన ఒక అమ్మమ్మగారు వెనక వరసలోంచి "అది టేకు చేప కదమ్మా" అన్నారు. వలలో పడితే అక్కడి జాలర్లు ముందు తోక ముల్లు తీసేసి, ఆ తర్వాతే చేప మీద చెయ్యి వేస్తారట. పుస్తకాల్లో వెతికినా దొరకనిది ఆవిడ ఒక్క నిమిషంలో చెప్పారు.

టేకు చేప సొరచేపకు దగ్గరి చుట్టం. సొరచేపను అప్పడాల కర్రతో ఒత్తినట్టు ఉంటుందని ఒక నాన్నగారు అన్నారు, ఆ పోలిక పిల్లలకు అతుక్కుపోయింది. ఒంట్లో గట్టి ఎముక ఉండదు, అంతా మన చెవిదొప్పలో ఉండే మృదులాస్థే. కళ్ళు పైన, నోరు కింద. మొప్పల చీలికలూ కిందే. ఇసుకలో పడుకున్నప్పుడు ఆ దారిన నీళ్ళు పీలిస్తే నోట్లోకి ఇసుక పోదా? అందుకే కళ్ళ వెనక రెండు రంధ్రాలు ఉంటాయి. వాటితో పైనుంచి శుభ్రమైన నీళ్ళు లోపలికి తీసుకుని, కింది మొప్పల గుండా వదిలేస్తుంది.

పిల్లలను అన్నిటికన్నా ఆకట్టుకుంది తిండి సంగతి. కళ్ళు పైన, నోరు కింద ఉంటే తినేది కనపడదు కదా! "కళ్ళకు గంతలు కట్టుకుని ఇడ్లీ తిన్నట్టు" అన్నారు వాళ్ళు. నిజమే, చూడకుండానే తింటుంది. ప్రతి ప్రాణి ఒంట్లోనూ కండరాలు కదిలినప్పుడు అతి సన్నని విద్యుత్తు పుడుతుంది. టేకు చేప మూతి చుట్టూ చర్మంలో సూదిబెజ్జాల్లాంటి రంధ్రాలుంటాయి. వాటిలో జిగురు పదార్థం నిండి ఉంటుంది. ఇసుకలో దాక్కున్న పీత విద్యుత్తును అవి పసిగడతాయి. ఇటలీ వైద్యుడు స్టెఫానో లోరెంజీని 1678లోనే ఈ రంధ్రాలను వర్ణించాడు, ఆయన పేరే వాటికి ఉంది. అవి దేనికోసమో తేలడానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది.

మన రాష్ట్రానికి తీరంలో మూడు అక్వేరియాలు ఉన్నాయి: ఫోర్ట్ ఫిషర్, పైన్ నాల్ షోర్స్, రోనోక్ ఐలండ్. క్యారీ నుంచి పొద్దున్నే బయలుదేరితే పైన్ నాల్ షోర్స్‌కు మధ్యాహ్న భోజనంలోపు చేరతాం. పులిహోర డబ్బాలతో కొన్ని కుటుంబాలం అలాగే వెళ్ళాం. చేప వీపును రెండు వేళ్ళతో, మెల్లగా, చేయి చాచి మాత్రమే తాకాలి. పట్టుకోకూడదు. ఇలాంటి తొట్లలో ఉంచే చేపలకు మనం గోళ్ళు తీసుకున్నట్టు ముల్లు కొన కత్తిరిస్తుంటారు, అది మళ్ళీ పెరుగుతుంది. మొదట అమ్మ వెనక దాక్కున్న ఒక పాప చివర్లో కదలనంటే కదలనంది. "తడి పుట్టగొడుగులా ఉంది" అని దారి పొడుగునా చెబుతూనే ఉంది.

అన్ని టేకు చేపల్లోనూ పిల్లల మనసు దోచుకున్నది మన తీరంలో తిరిగే ఆవుముక్కు టేకు. దాని తల ముందు భాగం మధ్యలో నొక్కు పడి అచ్చం ఆవు మూతిలా ఉంటుంది. ఇది ఇసుకలో ఊరికే పడుకునే రకం కాదు. వేల సంఖ్యలో గుంపులు కట్టి వసంతంలో మన తీరం మీదుగా ఉత్తరానికి, చెసపీక్ బే దాకా వెళ్తుంది. చలికాలం ముందు దక్షిణానికి తిరిగొస్తుంది. ఈదేటప్పుడు రెక్కల కొసలు నీళ్ళ పైకి లేస్తాయి, వాటిని చూసి ఒడ్డున "షార్క్!" అని కేకలు పెట్టేవాళ్ళు ఉంటారు. గట్టి పలకల్లాంటి పళ్ళతో గుల్లలను పగలగొట్టి తింటుంది.

ఈ పళ్ళే దాని మీదకు నింద తెచ్చాయి. నార్త్ కరోలినా తీరంలో బే స్కాలప్ అనే చిన్న ఆల్చిప్పలను పట్టడం వందేళ్ళకు పైబడిన వ్యాపారం. 2004 నాటికి అది దాదాపు ఆగిపోయింది. 2007లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. పెద్ద సొరచేపలను మనుషులు పట్టేయడంతో వాటికి ఆహారమైన ఆవుముక్కు టేకులు విపరీతంగా పెరిగాయని, అవే స్కాలప్‌లను తినేశాయని దాని సారాంశం. రాసినవాళ్ళలో మన యూఎన్‌సీ శాస్త్రజ్ఞుడు చార్ల్స్ పీటర్సన్ కూడా ఉన్నారు. వాదన చక్కగా, ఒకదాని వెనక ఒకటి గొలుసులా ఉంది, పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. వర్జీనియాలో, మేరీలాండ్‌లో "టేకును తినండి, బేను కాపాడండి" అనే ప్రచారం సాగింది. పడవల మీద నుంచి బాణాలతో కొట్టే పోటీలు పెట్టారు. ఆ పోటీలు జరిగే జూన్ నెలల్లో అక్కడికి చేరేవి చాలావరకు ప్రసవానికి వచ్చిన తల్లులు.

2016లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి చెందిన డీన్ గ్రబ్స్, ఆయన సహచరులు ఆ లెక్కలన్నీ మళ్ళీ చూశారు. కాలం కుదరలేదు. చాలాచోట్ల టేకులు పెరిగాయన్న సమయానికి ముందే స్కాలప్‌లు తగ్గాయి. పైగా ఈ చేప అంత వేగంగా పెరగలేదు. ఆడది ఈడుకు రావడానికే ఏడెనిమిదేళ్ళు పడుతుంది. దాదాపు పదకొండు నెలలు మోసి ఏడాదికి ఒక్క పిల్లను కంటుంది. గుడ్డు పెట్టదు. కడుపులోనే పాలలాంటి ద్రవంతో పిల్లను పెంచుతుంది. రెక్కలు మడుచుకుని పుట్టే ఆ ఒక్క పిల్ల లెక్కలో వేల సంఖ్య ఎక్కడినుంచి వస్తుంది? 2017లో మేరీలాండ్ ఆ పోటీలను ఆపుతూ చట్టం చేసింది.

ఈ సంగతి చెప్పినప్పుడు షార్లెట్ గురించి నిలదీసిన పాపే మళ్ళీ అడిగింది. "అయితే సైన్స్ వాళ్ళు కూడా పొరపాటు పడతారా?" పడతారు, ఇంకొకరు లెక్క చూసి దిద్దుతారు అన్నాం. "దిద్దేలోపు చచ్చిపోయిన చేపల సంగతి?" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు.

ఇక వేసవి. ఎమరాల్డ్ ఐల్‌కో, రైట్స్‌విల్ బీచ్‌కో వెళ్ళే కుటుంబాలు ఈ కాస్త చదివితే చాలు. టేకు చేప మనమీదకు రాదు. ఇసుకలో ఉన్నదాన్ని తొక్కితేనే తోక విసురుతుంది. కాబట్టి లోతు తక్కువ నీళ్ళలో పాదం ఎత్తి వేయకుండా, ఇసుకకు రాస్తూ జరుపుకుంటూ నడవాలి. అలికిడికి అదే తప్పుకుంటుంది. పిల్లలు ఈ నడకను గుడి హాల్లో సాక్సులతో సాధన చేశారు, నేల కూడా తుడుచుకుపోయింది.

ఒకవేళ గుచ్చుకుంటే నొప్పి భరించరానిదిగా ఉంటుంది. గాయాన్ని వేడినీళ్ళలో, 110 నుంచి 113 ఫారెన్‌హీట్ డిగ్రీల మధ్య, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి. వేడికి నొప్పి తగ్గుతుంది. నొప్పిలో ఉన్న పిల్లలకు కాలుతున్న సంగతి తెలియదు, నీళ్ళ వేడి పెద్దవాళ్ళే చేయి పెట్టి చూడాలి. ముల్లు ముక్క లోపల మిగలవచ్చు, చీము పట్టవచ్చు, అందుకని డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సిందే. ఛాతీ, పొట్ట, మెడల్లో గుచ్చుకుని ముల్లు అలాగే ఉంటే లాగకూడదు, వెంటనే 911కు ఫోన్ చేయాలి. 2006లో ఆస్ట్రేలియాలో స్టీవ్ అర్విన్ చనిపోయింది ఛాతీలో ముల్లు దిగడం వల్లే. అలాంటివి చాలా అరుదు. మామూలుగా దెబ్బ తగిలేది పాదానికో, చీలమండకో.

ఇంకొక్క మాట. ఒడ్డున నల్లగా, నాలుగు మూలలా కొమ్ములున్న చిన్న తోలు సంచీలాంటిది కనిపిస్తే అది స్కేట్ అనే చేప గుడ్డు సంచి. టేకుకు వరస అయ్యే చేపే, కాకపోతే గుడ్లు పెడుతుంది. ఎండిపోయి, ఖాళీగా ఉంటేనే తీయండి. లోపల ఏదైనా కదిలితే మళ్ళీ నీళ్ళలో వదిలేయండి. ఖాళీవి తరగతికి తెచ్చి ఇవ్వండి, ఇప్పటికి మా దగ్గర మూడే ఉన్నాయి, పిల్లలు పదిహేడు మంది.