పేటలో పడిన వాననీరు

నీరు పల్లమెరుగునని పెద్దలు చెప్పిన మాటలో ఒక ప్రకృతి సూత్రమే ఇమిడి ఉన్నది. వాన ఎక్కడ పడినా నీరు పల్లానికే పోతుంది. దానిని మార్చడం మన వశం కాదు. కాని అది ఎంత వేగంగా పోవాలి, దారిలో ఎంత నేలలోకి ఇంకాలి అనే సంగతి చాలవరకు మన చేతిలోనే ఉన్నది. వానకాలంలో వీధికాలువ పొంగి పల్లపు ఇళ్ళలోకి నీరు వస్తుంది. నాలుగైదు నెలలు గడిచేసరికి అదే వీధిలో బావి అడుగంటుతుంది. ఈ రెండూ వేరువేరు కష్టాలుగా కనిపిస్తాయి గాని, రెంటికీ మూలం ఒకటే: పడిన వానకు నేలలోకి ఇంకే వ్యవధి లేకపోవడం.

సాలూరు పట్టణాన్ని ఉదాహరణగా తీసుకొందాం. 2022 ఏప్రిల్ వరకు విజయనగరం జిల్లాలో ఉండి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన ఈ ఊరు తూర్పు కనుమల పాదాన, వేగావతి నది ఒడ్డున ఉన్నది. కొండల మీద పడిన వాన గెడ్డల గుండా వడిగా దిగివస్తుంది. వేగావతి, సువర్ణముఖి, నాగావళి నదులు సంగం గ్రామం దగ్గర కలుస్తాయి. ఆపైన నాగావళి శ్రీకాకుళం మీదుగా సాగి బంగాళాఖాతంలో పడుతుంది. అంటే సాలూరులోని ఒక ఇంటి చూరు నుండి జారిన నీరు కూడా, ఇంకే చోటు దొరకకపోతే, చివరకు సముద్రం పాలయ్యేదే. దిగువనున్న ఊళ్ళకు వచ్చే వరదలో మన వీధి వాటా కూడా ఉంటుందన్నమాట.

ఇంటికప్పులు, రోడ్లు చేసే పని

చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఆ నీరు సరిగ్గా ఒక లీటరు. ఈ చిన్న లెక్కను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. నూరు చదరపు మీటర్ల డాబామీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 2,500 లీటర్ల నీరు వచ్చినట్లు.

ఇందులో ఎంత పారిపోతుందన్నది ఆ నేలను బట్టి ఉంటుంది. చెట్లు, గడ్డి ఉన్నచోట ఆకులు కొంత నీటిని పట్టి ఉంచుతాయి. వేళ్ళు గుల్లచేసిన మట్టి కొంత పీల్చుకొంటుంది. నూటికి ఇరవై పాళ్ళకు మించి పారకపోవచ్చు. గట్టిపడిన మట్టి నేలమీద సుమారు 40 పాళ్ళు, సిమెంటు రోడ్డుమీద 80 పాళ్ళు, డాబామీద 90 పాళ్ళు పారిపోతాయి. ఈ నిష్పత్తిని ప్రవాహ గుణకం అంటారు. నేల వాలును బట్టి, మట్టి రకాన్ని బట్టి ఇది మారుతుంది గనుక పై అంకెలను ఉజ్జాయింపుగానే గ్రహించాలి.

ఈ గుణకాన్ని ఉపయోగించి కాలువల పరిమాణం నిర్ణయించే పద్ధతిని 19వ శతాబ్దంలో ఐర్లండుకు చెందిన మల్వనీ, అమెరికాకు చెందిన కూయిక్లింగ్ అనే ఇంజనీర్లు రూపొందించారు. కూయిక్లింగ్ వ్యాసం 1889లో వెలువడింది. సూత్రం సులభమైనది. ప్రవాహ గుణకాన్ని, గంటకు పడే వాన మిల్లీమీటర్లను, హెక్టార్లలో వైశాల్యాన్ని గుణించి 360 చేత భాగిస్తే, కాలువలో సెకనుకు ఎన్ని ఘనమీటర్ల నీరు వస్తుందో తెలుస్తుంది.

రెండు హెక్టార్ల పొదలనేల ఉన్నదనుకొందాం. దాని గుణకం 0.25. గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున వాన కురిస్తే సెకనుకు సుమారు 70 లీటర్ల నీరు వస్తుంది. ఆ నేలలో ఇళ్ళు, రోడ్లు వచ్చి గుణకం 0.68కి పెరిగితే, అదే వానకు సెకనుకు సుమారు 190 లీటర్లు వస్తుంది. ఆకాశం మారలేదు, నేల మారింది. అయినా కాలువ రెండున్నర రెట్లకు పైగా నీటిని మోయవలసి వచ్చింది. కాలువను పెద్దది చేసినంత మాత్రాన చిక్కు తీరదు. నీరు మరింత త్వరగా కిందిపేటకు చేరి, అక్కడ వరద అవుతుంది.

ఎగువనే ఆపడం

నీటిని ఎగువన ఆపి, మెల్లగా విడవడం మనకు కొత్త విద్య కాదు. ఒక చెరువు అలుగు పోసిన నీరు కింది చెరువుకు చేరేటట్లు మన పూర్వులు గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. ఆధునిక కాలంలో ఈ సూత్రాన్ని తెలుగుదేశానికి గుర్తుచేసినది 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ వరద. అప్పుడు ఎగువనున్న చెరువులు అనేకం తెగి, నగరంలో వేలమంది మరణించారు. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపాలని సూచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ ఆ విధంగా పూర్తయ్యాయి.

జలాశయం చేసే ఈ పనినే ఒక పేటలో, చిన్న చిన్న పల్లాల చేత, మొక్కల చేత చేయించవచ్చు. 1990 ప్రాంతంలో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో ఇళ్ళ పక్కన వాననీటిని పీల్చే మొక్కల మడులు వేయడం మొదలుపెట్టారు. చైనా 2015లో 16 నగరాలను ఎన్నుకొని, స్పాంజివలె నీటిని పీల్చే నగరాలుగా వాటిని తీర్చే ప్రయత్నం ప్రారంభించింది. మన రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం వాననీటిని పట్టే నిర్మాణాలకు చట్టబలం ఇచ్చింది. ఐతే ఇంటికొక ఇంకుడుగుంత తవ్వడం వేరు, పేటకంతటికీ కలిపి ఒక ప్రణాళిక వేయడం వేరు. రెండవదానికి ముందుగా లెక్క కావాలి.

పేట లెక్క

రెండు హెక్టార్ల, అనగా 20,000 చదరపు మీటర్ల పేటను ఊహిద్దాం. ఇందులో ఇంటికప్పులు 8,000, రోడ్లు, గచ్చులు 5,000, మట్టినేల 5,000, చెట్లున్న చోటు 2,000 చదరపు మీటర్లు. ఒక్కొక్క వైశాల్యాన్ని పైన చెప్పిన గుణకంతో హెచ్చవేస్తే వరుసగా 7,200, 4,000, 2,000, 400 వస్తాయి. మొత్తం 13,600. దీనిని 20,000 చేత భాగిస్తే 0.68. మనం ముందు వాడిన అంకె ఇదే. 25 మిల్లీమీటర్ల వానకు ఈ పేట నుండి పారిపోయే నీరు 340 ఘనమీటర్లు, అంటే 3 లక్షల 40 వేల లీటర్లు.

ఈ నీటిని ఎక్కడ ఉంచాలి? ఎనభై ఇళ్ళు ఒక్కొక్క ఘనమీటరు పట్టే గుంత తవ్వుకొంటే 80 ఘనమీటర్లు. రోడ్డు పక్కన 300 మీటర్ల పొడవున, మీటరు వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతుగల మొక్కల కందకం వేస్తే 60. బడి ఆటస్థలంలో వెయ్యి చదరపు మీటర్ల మేర నేలను 15 సెంటీమీటర్లు పల్లం చేస్తే 150. పూడిపోయిన పాత బందను బాగుచేసి, నూరు చదరపు మీటర్ల మేర అర మీటరు లోతు ఖాళీగా ఉంచితే 50. అన్నీ కలిపి 340. లెక్క సరిపోయింది. ఒక్క ఇంకుడుగుంతలనే నమ్ముకొన్నట్లయితే నాలుగోవంతు కూడా తీరేది కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గుంతను రాళ్ళతో నింపితే, నీటికి మిగిలే చోటు నూటికి 40 పాళ్ళే. కాబట్టి ఒక ఘనమీటరు నీరు పట్టాలంటే గుంత రెండున్నర ఘనమీటర్లుండాలి.

మట్టి పరీక్ష, మొక్కల ఎంపిక

గుంత తవ్వేముందు మట్టిని పరీక్షించాలి. అడుగు లోతు గొయ్యి తీసి, ఒకసారి నీరు పోసి ఇంకనివ్వాలి. మరల నింపి, గంటకు నీటిమట్టం ఎంత తగ్గిందో కొలవాలి. ఇసుకనేలలో గంటకు 30 మిల్లీమీటర్లకు పైగా, గరపనేలలో 10 నుండి 20 వరకు, బంకమట్టిలో 1 నుండి 5 మిల్లీమీటర్ల వరకు నీరు ఇంకుతుంది. గంటకు 10 మిల్లీమీటర్లు ఇంకే నేలలో మన 20 సెంటీమీటర్ల కందకం 20 గంటలలో ఖాళీ అవుతుంది. గంటకు 2 మిల్లీమీటర్లే ఇంకితే 100 గంటలు పడుతుంది. అట్టిచోట లోతు తగ్గించాలి. లేదా మట్టిలో ఇసుక కలిపి, అడుగున కంకర పరచి, నీరు మెల్లగా బయటికి పోయే గొట్టం అమర్చాలి.

కందకంలో వేసే మొక్కలు నాలుగు రోజుల నీటికీ, నాలుగు నెలల ఎండకూ ఓర్చుకోవాలి. వట్టివేరు, గరిక ఇందుకు మంచివి. తడి ఎక్కువగా ఉండేచోట మెట్టతామర, కాస్త ఎడంగా కానుగ, నేరేడు, మద్ది వేయవచ్చు. గుంత ఇంటి పునాదికి కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. మరుగుదొడ్డి నీరు దానిలో కలవనే కూడదు.

రెండు హెచ్చరికలు

మొదటిది దోమలను గురించి. మన్యం ప్రాంతాలకు మలేరియా బాధ కొత్తది కాదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికిందరాబాదులో దోమ శరీరంలో మలేరియా క్రిమిని కనుగొన్నప్పటి నుండి, నిలవనీరు ఎందుకు ప్రమాదమో మనకు తెలుసు. దోమగుడ్డు నీటిలో పడి, రెక్కల దోమగా ఎగరడానికి మన వాతావరణంలో సుమారు వారం, పదిరోజులు పడుతుంది. గుంతలు, కందకాలు రెండు రోజులలో ఖాళీ అయితే ఈ భయం లేదు. కనుక మట్టి పరీక్ష నీటి కోసమే కాదు, ఆరోగ్యం కోసం కూడా. ఎప్పుడూ నీరుండే బందలో మాత్రం దోమపిల్లలను తినే చేపలను పెంచాలి.

రెండవది నూనె. సాలూరు లారీలకు పేరుపొందిన ఊరు. మరమ్మతు షెడ్లు, లారీలు నిలిచే స్థలాల మీద పడిన వాన ఇంజను నూనెను, గ్రీజును కడుక్కొని వస్తుంది. ఆ నీటిని నేరుగా ఇంకుడుగుంతలోకి పంపితే భూగర్భజలం చెడుతుంది. ముందు ఒక తొట్టిలో నిలిపి, పైకి తేలిన నూనెను వేరుచేసి, తరువాత ఇసుక, మొక్కల మడి గుండా వడగట్టాలి. బావి దగ్గర దీనిని ఇంకించరాదు.

తుపాను వచ్చినప్పుడు

ఈ ఏర్పాటు శక్తికి హద్దున్నది. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం సమీపంలో తీరం దాటిన గులాబ్ తుపాను వంటిది వచ్చి, ఒక్కరోజులో 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే, మన పేట నుండి పారే నీరు 1,360 ఘనమీటర్లు. మనం కట్టిన చోటు దానిలో నాలుగోవంతుకే సరిపోతుంది. అందుచేత ప్రతి కందకానికీ, బందకూ ఒక అలుగు ఉండి తీరాలి. పొంగిన నీరు ఏ ఇంటినీ తాకకుండా గెడ్డకు చేరే దారి నకాషాలో ముందే గీసి ఉండాలి. ఆ దారిమీద, గెడ్డ ఒడ్డుమీద కట్టడాలు రాకుండా చూడడం అన్నిటికంటె ముఖ్యం. మొక్కలు కాలువకు బదులు కావు. కాలువ బరువును తగ్గించే తోడు మాత్రమే.

ఈ ప్రణాళికకు కావలసిన సమాచారంలో అధికభాగం ఉన్నత పాఠశాల విద్యార్థులే సేకరించగలరు. నిలువు గోడలుగల డబ్బాను ఆరుబయట ఉంచి, స్కేలుతో ప్రతి ఉదయం వానను కొలవవచ్చు. వాన వెలిసిన వెంటనే ఉపాధ్యాయునితో కలిసి పేట తిరిగి, నీరు ఎటునుండి ఎటు పారింది, ఎక్కడ ఎన్ని గంటలు నిలిచింది అన్నది పటంమీద బాణపు గుర్తులతో గీయవచ్చు. ఇంటికప్పులను, రోడ్లను టేపుతో కొలిచి గుణకం కట్టవచ్చు. ఒక్క వానకాలం ఇట్లా కొలిస్తే చాలు, పురపాలక సంఘం ముందు పెట్టదగిన పటం తయారవుతుంది. ఏ వీధిలో కాలువ కావాలో, ఏ వీధిలో కందకం చాలునో దానిని బట్టి తేల్చుకోవచ్చు.