తెరపై పుస్తకము

ఆదివారమునాడు హైదరాబాదు నగరమున అబిడ్స్ ప్రాంతమునకు పోయినవారికి ఒక వింతయైన అంగడి కానవచ్చును. పెద్ద దుకాణములు మూసియుండగా, వాని ముందటి కాలిబాటలపై పాతపుస్తకములు రాసులు రాసులుగా పరచబడియుండును. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను వర్తకుని దుకాణము ఒకప్పు డిచట నుండుటచే ఈ ప్రాంతమున కా పేరు వచ్చినది. అటనుండి నాంపల్లి వైపు నడచినచో రైలు నిలయమును, పబ్లిక్ గార్డెన్సు అను ఉద్యానవనమును కలవు. 1985లో స్థాపింపబడిన తెలుగు విశ్వవిద్యాలయము చిరకాలము ఈ తోటనుండియే పనిచేసినది. ఈ రెండు పేటలును పుస్తకప్రియులకు చిరపరిచితములు.

కాని కాగితమునకు ఆయువు స్వల్పము. కొయ్యగుజ్జుతో చేసిన చౌక కాగితమునందలి ఆమ్లము దానిని క్రమక్రమముగా తినివేయును. పుట పసుపువన్నె దాల్చి, త్రిప్పబోయిన వ్రేళ్లలోనే విఱిగిపోవును. కావున అట్టి పుస్తకములను చదివినకొలది అవి నశించును. చదువకున్న వాని వలన ప్రయోజనము లేదు. ఈ చిక్కును తీర్చుటకే పుటలను ఛాయాచిత్రములుగా తీసి కంప్యూటరులో భద్రపఱచు పద్ధతి వచ్చినది. భారత డిజిటల్ గ్రంథాలయము అను పథకము క్రింద హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ మున్నగు కేంద్రములలో వేలకొలది తెలుగు పుస్తకములు ఈ విధముగా భద్రపఱచబడినవి.

ఉదాహరణమునకు సురవరము ప్రతాపరెడ్డిగారిని తలచుకొందము. ఆయన 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. ఆయన రచించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1955లో సాహిత్య అకాడెమీ బహుమానము నందినది. ఆయన 1953లో పరమపదించిరి. మన దేశపు చట్టము ననుసరించి రచయిత గతించిన పిదప 60 సంవత్సరములకు ఆయన గ్రంథములు ఎల్లరి సొత్తగును. కావున 2014 మొదలుకొని ఆయన గ్రంథములను ఎవరైనను నిరాటంకముగా తెరపై చదువుకొనవచ్చును.

తెరపై పుస్తకమును చూపు సాధనమునకు డాక్యుమెంట్ వ్యూయరు అని పేరు. దీనిని నడపుటకు మన చేతిలో రెండు పరికరములు కలవు: మౌసు, కీబోర్డు.

అమెరికా దేశీయుడగు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968లో మౌసును బహిరంగముగా ప్రదర్శించి చూపెను. మొదటి మౌసు కొయ్యతో చేసిన చిన్న పెట్టె. తోకవంటి తీగ యుండుటచే దానికి చిట్టెలుక పేరు వచ్చినది. మౌసు నడుమ నున్న చక్రమును త్రిప్పినచో పుట పైకి, క్రిందికి జరుగును. కంట్రోల్ మీటను నొక్కిపట్టి చక్రమును త్రిప్పినచో అక్షరములు పెద్దవియు చిన్నవియు నగును. పుట తెరకన్న పెద్దదైనప్పుడు చేతి గుర్తును ఎన్నుకొని, మౌసు ఎడమ మీటను నొక్కిపట్టి, బల్లపైనున్న కాగితమును జరిపినట్లు పుటను జరుపవచ్చును.

మౌసు చూపుడువ్రేలివంటిది, కీబోర్డు నోటిమాటవంటిది. చూపుటకన్న చెప్పుట త్వరగా ముగియును. పేజ్ డౌన్ మీట చదువరిని ముందునకును, పేజ్ అప్ మీట వెనుకకును కొనిపోవును. బాణపు గుర్తుల మీటలు కొద్దికొద్దిగా జరుపును. హోమ్ మీట మొదటి పుటకు, ఎండ్ మీట చివరి పుటకు చేర్చును. కొన్ని వ్యూయర్లలో వీనికి కంట్రోల్ మీటను జోడింపవలెను. కంట్రోల్‌తో కూడిక గుర్తు నొక్కిన అక్షరము పెరుగును; తీసివేత గుర్తు నొక్కిన తగ్గును. అన్ని వ్యూయర్లును ఒక్క తీరుగా నుండవు గనుక, కొత్తదానిని తెఱచినప్పుడు దాని సహాయ పట్టికను ఒకసారి చూచుట మేలు.

పుటసంఖ్య విషయమున జాగరూకత వలయును. వ్యూయరు అట్టనుండియే లెక్క మొదలిడును. పుస్తకము పీఠిక ముగిసిన పిదప మొదలిడును. పుస్తకమున 1వ పుట తెరపై 15వదైనచో, 120వ పుటకై 134 అని అడుగవలెను. ఈ చిన్న లెక్క తెలియక పుటలన్నియు త్రిప్పి విసుగుచెందువారు పెక్కురు.

ఇక అన్నిటికన్న గొప్ప సౌకర్యము వెదకుట. కంట్రోల్‌తో ఎఫ్ అను మీటను నొక్కి, కావలసిన పదమును వ్రాసినచో, అది యున్న చోట్లన్నియు బయటపడును. ఐనను పాతపుస్తకములలో పెక్కుమార్లు ఏమియు దొరకదు. దానికి కారణ మేమి? మనకు అక్షరమువలె తోచునది కంప్యూటరునకు వట్టి బొమ్మ. ప్రతి అక్షరమునకును దాని సంకేతసంఖ్య నిచ్చినప్పుడే అది దానిని గుర్తించును. బొమ్మను అక్షరములుగా మార్చు యంత్రవిధానము కలదు గాని, తెలుగున ప, ష, వ లు పోలికగా నుండుటచేతను, వత్తులు క్రింద చేరుటచేతను అది తడబడుచుండును.

అక్షరములు సరిగానున్నను వెదకువానికి భాషాజ్ఞానము కావలెను. ‘చెరువు’ అని వెదకినచో ‘చెఱువు’ దొరకదు. ‘ఊరు’ అని వెదకినచో సంధిలో కలిసిన ‘మాయూరు’ దొరకదు. కావున దొరకలేదన్నంత మాత్రమున లేదని తలపరాదు. సంధులును, పాత వర్ణక్రమమును తెలిసినవాడే యంత్రముచేత సరిగా పని చేయించుకొనగలడు. వ్యాకరణము పరీక్షలకు మాత్రమే గాదని దీనివలన స్పష్టమగుచున్నది.

ఈ విషయమున మఱియొక ముఖ్యాంశము కలదు. చూపులేనివారికి మౌసు నిరుపయోగము. కీబోర్డే వారి కన్ను. తెరపై నున్న దానిని బిగ్గరగా చదివి వినిపించు సాధనములు కలవు. వానిలో ఉచితముగా లభించు ఎన్.వి.డి.ఎ. అనుదానిని 2006లో ఆస్ట్రేలియా దేశమున మైకేల్ కరన్ అను అంధుడే ప్రారంభించెను. కాని బొమ్మగా నున్న పుట యెదుట ఆ సాధనము మూగవోవును. కన్నులున్నవారికి అది పుస్తకము; లేనివారికి తాళము వేసిన తలుపు.

ఆ తాళమును తీయుట మానవుని చేతిలోనిదే. తెలుగు వికీసోర్సు అను ఉచిత గ్రంథాలయమున స్వచ్ఛంద సేవకులు ఒకవైపు పాత పుటను, మఱొకవైపు యంత్రము గుర్తించిన అక్షరములను ఉంచుకొని తప్పులు దిద్దుచున్నారు. అట్లు దిద్దిన పుటలో పదమును వెదకవచ్చును. దానిని చెవితో వినవచ్చును.

విద్యార్థులారా! పైన చెప్పిన మీటలన్నియు ఒక్క పూటలో నేర్వదగినవి. కాని నేర్చిన పిదప వానితో ఏమి చదువుదు రనునదే ముఖ్యము. మీ ఊరి గ్రంథాలయమున లేని పుస్తకము నేడు మీ పాఠశాల కంప్యూటరులో తెఱచుకొనును. దానిని చదువుడు. తప్పులు దిద్దు నేర్పు మీకు కలిగినప్పుడు ఒక్క పుటనైనను దిద్దుడు. మీరు దిద్దిన ఆ పుటను ఎన్నడును మీరు చూడని ఒక అంధ బాలుడు వినును.