ఒక సూది, ఒక దారము

ఋతువు మారినపుడెల్ల చేతులకు పని మారుట తెలుగు లోగిళ్లలో చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. శ్రావణమున వ్రతమునకు తొమ్మిది ముడుల తోరము కట్టుదురు. భాద్రపదమున మట్టి తెచ్చి వినాయకుని ప్రతిమ చేయుదురు. దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు తీర్చుదురు. ధనుర్మాసమున ముంగిట ముగ్గులు, గొబ్బెమ్మలు. భోగినాటికి పిల్లలు గ్రుచ్చు పిడకల దండలు. నేడు వీనిలో కొన్ని అంగడిలోను దొరకుచున్నవి. అయినను వీని ఆనందము సగము వస్తువునందును, సగము దానిని చేయుటయందును గలదు. కొని తెచ్చినవారికి ఆ రెండవ సగము దక్కదు.

ఈ వరుసలో కొంత ఆలస్యముగా వచ్చి చేరినది క్రోషే అల్లిక. చలికాలమునకు ముందే పసిబిడ్డకు ఉన్ని టోపీని, మేజోళ్లను సిద్ధము చేయుట, వేసవిలో నూలుదారముతో గౌను అంచునకు లేసు అల్లుట పెక్కు ఇండ్లలో పరిపాటి. క్రోషే యనునది ఫ్రెంచి మాట. చిన్న కొక్కెమని దాని అర్థము. స్వెట్టరు అల్లుటకు రెండు సూదులు కావలెను. వరుసలోని కుట్లన్నియు సూదిపైననే నిలిచియుండవలెను. క్రోషేకు కొక్కెము గల సూది యొకటి చాలును. సాధారణముగా ఒక ఉచ్చు మాత్రమే తెరచియుండును. అందుచేత పొయ్యిమీది పాలు పొంగినను, బిడ్డ మేల్కొని యేడ్చినను పనిని ప్రక్కనబెట్టి లేవవచ్చును. ఇల్లాండ్ర చేతిలో ఈ విద్య నిలిచిపోవుటకు ఇది యొక ముఖ్యకారణము.

బిడ్డల దుస్తులకు ఈ అల్లిక మిక్కిలి అనువైనది. బిడ్డ పెరుగును, కుట్టిన చొక్కా పెరుగదు. అల్లిన గౌనుకు మాత్రము అంచున మరి రెండు వరుసలు చేర్చి పొడవు పెంచవచ్చును. పూర్తిగా పొట్టియైనచో విప్పి, ఆ దారముతోనే చెల్లెలికి టోపీ అల్లవచ్చును. అయితే కొన్ని జాగ్రత్తలు అవశ్యకము. కోస్తా ఉక్కకు నూలు మేలు. ఉన్నిని చలికే ఉంచవలెను. చంటిబిడ్డల వ్రేళ్లు దూరి చిక్కుకొనునంతటి పెద్ద రంధ్రములు ఉండరాదు. మేజోడు లోపల దారపు కొస వ్రేలాడినచో అది కాలివ్రేలికి చుట్టుకొని రక్తప్రసారమును ఆపగలదు. నోటికి అందు పూసలు, వదులు గుండీలు అసలే కూడదు.

ఉపాధ్యాయులకు ఈ అల్లికలో వేరొక విందు కలదు. 12 నిలువు కుట్లతో వలయము మొదలిడి, వరుసకు 12 చొప్పున పెంచినచో 12, 24, 36, 48 అని సాగి చదునైన బిళ్ల యేర్పడును. వ్యాసార్ధము సమముగా పెరుగుచుండగా చుట్టుకొలతయు సమముగా పెరుగుననుటకు ఇంతకన్న సులభమైన నిదర్శనము అరుదు. పెంచుట నిలిపి అదే సంఖ్యతో అల్లినచో అంచు క్రిందికి వంగి టోపీ యగును. మితిమీరి పెంచినచో అంచు కుచ్చెళ్లు పడును. ఆ కుచ్చెళ్లలోనే గొప్ప గణితము దాగియున్నది. యూక్లిడు జ్యామితికి లొంగని అతిపరావలయ తలమును విద్యార్థులు చేతితో తాకి తెలిసికొనుటకై, 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున గణితవేత్త డైనా టైమినా క్రోషే సూదినే ఆశ్రయించిరి.

ఈ కళకు మరియొక విశేషము కలదు. మేజోళ్లల్లు యంత్రము 1589లోనే ఇంగ్లండులో పుట్టినది. క్రోషేను అల్లు యంత్రము మాత్రము నేటికిని పరిశ్రమలలో వాడుకలోనికి రాలేదు. యంత్రపు లేసు దానికి పోలిక మాత్రమే. అనగా లోకములో ఏ మూల నిజమైన క్రోషే వస్తువు కనబడినను, దాని వెనుక ఎవరివో చేతులు గంటల తరబడి కదలియుండవలెను. ఆ వస్తువు మిక్కిలి చౌకగా దొరకినదన్న, ఆ గంటలను ఎవరో చౌకగా అమ్ముకొన్నారన్నమాట.

ఐర్లండులో 1845లో మొదలైన క్షామకాలమున ఎందరో పేద స్త్రీలకు ఈ సూదియే అన్నము పెట్టినది. తెలుగునాట ఆ కథకు వేదిక నరసాపురము. వసిష్ఠ గోదావరి ఒడ్డుననున్న ఆ పట్టణమునకు, చుట్టుపట్ల గ్రామములకు 19వ శతాబ్దములో క్రైస్తవ మిషనరీలు లేసు అల్లికను తెచ్చిరి. క్రమముగా అది ఎగుమతి వ్యాపారమైనది. ఒకామె పూలు అల్లును. వేరొకామె వానిని కలుపు అతుకుపని చేయును. వర్తకుడు విదేశములకు పంపును. జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఈ స్త్రీలను గూర్చి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడినది. ఇంటిపనికి తోడు దినమునకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లుచున్నను వారిని లోకము శ్రామికులుగా గుర్తింపక, తీరిక వేళ పొద్దుపుచ్చు గృహిణులుగా తలచినదనియు, అందువలననే కూలి అంత స్వల్పమైనదనియు ఆమె నిరూపించిరి. ఇంటిలో ఆనందమునకు చేయు పని, అంగడికి వెళ్లునపుడు ఆ ఆనందమే దాని వెలను తగ్గించు నెపమైనది.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇది సంతోషింపదగిన విషయమే. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడును. అల్లిన చేతికి తగిన వెలను కట్టవలసినది మాత్రము కొనువారును, అమ్మువారును.

ఇచట పాఠశాలకు పని కలదు. చేతిపని కేంద్రముగా విద్య సాగవలెనని గాంధీమహాత్ముడు 1937లో వార్ధాలో ప్రతిపాదించిరి. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతుల విద్యార్థులకు సంచీ లేని పది దినములను సూచించి, స్థానిక వృత్తులవారి చెంత పని నేర్వవలెనన్నది. ఆ దినములలో బాలురును బాలికలును సమముగా సూది పట్టి, ఇంటిలోని తమ్మునికో చెల్లెలికో ఒక టోపీ అల్లుదురు గాక. తప్పిన కుట్టును విప్పి మరల అల్లుటలో ఓర్పు అలవడును. లెక్క తప్పినచో టోపీయే చెప్పును. అన్నిటికన్న ముఖ్యముగా, ఒక చిన్న టోపీకి ఎన్ని గంటలు పట్టునో వారి వ్రేళ్లకే తెలియును. అది తెలిసినవారు పెద్దవారైన పిదప, లేసు అమ్మవచ్చిన స్త్రీతో బేరమాడుటకు ముందు ఒక్క క్షణము ఆగుదురు.