ఊహాలోకానికి ఊరి బండలు

రోల్‌ప్లేయింగ్ ఆటల్లో కోట అనగానే రాతిగోడలు, బురుజులు గీసేస్తారు. ఆ రాయి ఎక్కడిదో చెప్పరు. ఉదాహరణకు, బనగానపల్లె ప్రాంతంలో సున్నపురాయి పొరలు పొరలుగా ఉండి బండలుగా లేస్తుంది. అందుకే ఇక్కడ నేలకైనా అరుగుకైనా ఈ నాపరాయే. పాత మిద్దెలకు దూలాల మీద దంతెలనే సన్న కర్రలు, వాటిపై బండలు, ఆ పైన చవుడుమట్టి. మిద్దె కారితే మళ్లీ మట్టి ఎక్కించాల్సిందే.

ఆడేవాళ్లకు కథ కావాలి గానీ రాళ్లెందుకని అడగొచ్చు. వానలు ముంచుకొస్తుంటే చవుడు దొరకని ఊరు, బండల గని కోసం తగువుపడే రెండు పల్లెలు: ఇవి కథలు కావా? 2009 నాటి 'అరుంధతి' సినిమాలో కొంత భాగాన్ని బనగానపల్లె నవాబు బంగళాలో తీశాక జనం ఆ బంగళాను అరుంధతి కోట అనే పిలుస్తున్నారు. ఉన్న కట్టడమే కల్పనను అంతగా నమ్మించింది. కొత్త ఆట రాసేవాళ్లు ముందు తమ ఊరి పాత మిద్దెను పరిశీలించాలి.