అనాయాస మరణం: ప్రార్థనతో పాటు ఒక పత్రం

భగవత్సన్నిధిలో వృద్ధులు తరచుగా కోరుకునే కోరిక అనాయాస మరణం. ముదిగుబ్బ పరిసర గ్రామాల నుండి వచ్చే భక్తుల గోత్రనామాలతో అర్చన చేయించే సేవలో ఉన్నందున నేను ఈ మాటను ఎన్నోసార్లు విన్నాను. అయితే దేవునికి విన్నవించుకున్న ఈ కోరికను తమ బిడ్డలకు చెప్పినవారు బహు తక్కువ. ఇంట్లో చావు మాట ఎత్తడం అశుభమని మన భావన. కాని పరీక్షిన్మహారాజు తనకు ఏడు దినాలే గడువున్నదని తెలియగానే రాజ్యభారాన్ని కుమారునికి అప్పగించి, ఆ తరువాతనే గంగాతీరాన హరికథా శ్రవణానికి కూర్చున్నాడు. ముందుగా ఏర్పాటు చేసుకోవడం మన సంప్రదాయానికి కొత్త కాదు.

మన ప్రాంతంలో వ్యాధి ముదిరినవారిని బత్తలపల్లికో, అనంతపురానికో, ఇంకా ఆవల బెంగళూరుకో తీసుకొని వెళతాము. కోలుకునే ఆశ ఉన్నంతవరకు వెంటిలేటర్ ప్రాణదాతయే. ఆశ లేదని వైద్యులు తేల్చిన తరువాత అదే యంత్రం మరణాన్ని కొన్నాళ్లు వాయిదా వేయగలదే గాని మనిషిని ఇంటికి చేర్చలేదు. అప్పుడు నిర్ణయభారం బిడ్డల మీద పడుతుంది. నేనెరిగిన ఒక వేరుశనగ రైతు కుటుంబంలో “నాన్నను ఇంటికి తీసుకుపోదాం” అన్నాడు కుమారుడు. “ఊపిరుండగానే వదిలేస్తామా అన్నా?” అన్నది కుమార్తె. ఇద్దరిదీ ప్రేమే. తండ్రి మనసులో ఏమున్నదో మాత్రం ఇద్దరికీ తెలియదు. సంవత్సరీకం గడిచినా ఆ అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు లేవు.

ఒకప్పుడు కోరిక చెప్పుకున్నా చట్టం తోడు ఉండేది కాదు. 2004లో కండరాల క్షీణత వ్యాధితో హైదరాబాదులో వెంటిలేటర్‌పై ఉన్న చదరంగ క్రీడాకారుడు కె. వెంకటేశ్, అవయవదానానికి వీలుగా యంత్రాన్ని తొలగించాలని కోరాడు. చట్టం అనుమతించదని ఆనాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిరాకరించింది.

2018 మార్చి 9న పరిస్థితి మారింది. ‘కామన్ కాజ్’ సంస్థ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా మరణించే హక్కు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని తీర్పునిచ్చింది. కోలుకోలేని స్థితిలో ఏ చికిత్స వద్దో ముందుగా వ్రాసి ఉంచే ‘లివింగ్ విల్’ను గుర్తించింది. ఆనాడు విధించిన మేజిస్ట్రేటు సంతకం నిబంధనను 2023 జనవరిలో తొలగించి విధానాన్ని సులభం చేసింది.

ఇప్పుడు స్వస్థచిత్తులైన వయోజనులెవరైనా స్వేచ్ఛగా ఈ పత్రం వ్రాయవచ్చు. ఏ స్థితిలో ఏ చికిత్స వద్దో స్పష్టంగా పేర్కొని, తాము మాట్లాడలేనప్పుడు తమ తరఫున మాట్లాడవలసిన ఆప్తుల పేర్లు వ్రాయాలి. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీచే గాని గెజిటెడ్ అధికారిచే గాని ధ్రువీకరింపజేయాలి. ప్రతులను ఆ ఆప్తులకు, కుటుంబ వైద్యునికి, పంచాయతీ లేదా పురపాలక సంఘం అధికారికి ఇవ్వాలి. మనసు మారితే ఎప్పుడైనా లిఖితపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు.

పత్రం ఉన్నంత మాత్రాన చికిత్స ఆగిపోదు. రోగి కోలుకునే అవకాశం లేదని చికిత్స చేసే వైద్యునితో కూడిన మండలి, ఆ తరువాత వేరే వైద్యులతో కూడిన రెండవ మండలి ధ్రువీకరించాలి. ఆప్తుల సమ్మతి ఉండాలి. మేజిస్ట్రేటుకు తెలియజేయాలి.

ఇది ఆత్మహత్య కాదు, ఆస్తి వీలునామా కాదు. ప్రాణం తీసే మందు ఇవ్వడం నేటికీ నేరమే. యంత్రాలను వద్దన్నవారికి కూడా నొప్పిని, ఆయాసాన్ని తగ్గించే ఉపశమన చికిత్స కొనసాగుతుంది. చివరి గడియల్లో తులసితీర్థం అందుకోవాలని, అయినవారి చేయి పట్టుకోవాలని కోరుకునేవారికి ఆ వీలు ఇంట్లోనే ఎక్కువ.

చివరి శ్వాస వరకు అన్ని చికిత్సలూ కావాలని కోరడం కూడా మీ హక్కే. ఏది కోరినా బిడ్డలకు తెలియాలి. పండుగకు పిల్లలందరూ ఇంటికి చేరినప్పుడు, భోజనాలు ముగిసిన తరువాత, ఈ మాట ఒక్కసారి ఎత్తండి. ఒక పూట మనసు బరువెక్కవచ్చు. రేపు ఆసుపత్రి వరండాలో వారు ఒకరినొకరు నిందించుకోవలసిన అవసరం రాదు.