పండుగ ఒక్కరోజే, పిండివంటల డబ్బా మూడు వారాలు



క్రిస్మస్ పండుగ దగ్గర పడింది. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో చాలా ఇళ్ళలో ఇప్పటికే బియ్యం నానబోసి, పిండి పట్టించి, బెల్లం పాకానికి సిద్ధపడుతూ ఉంటారు. దూరాన ఉద్యోగాలు చేసుకునే పిల్లలు ఇంటికి వస్తారు. అందరూ కలిసి భోజనానికి కూర్చోవడం దేవుడిచ్చిన సంతోషం. దానిని మానుకోమని మేము చెప్పడం లేదు.

“పండుగ రోజున ఏమి తినవచ్చండీ?” అని షుగర్ ఉన్నవారు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. అది మంచి ప్రశ్నే. అయితే దానికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. పండుగ తర్వాత రోజుల్లో ఏమి తింటున్నాము?

అమెరికాలో 195 మంది పెద్దలను పండుగల కాలంలో బరువు తూచి చూసిన ఒక పరిశోధన 2000 సంవత్సరంలో ప్రచురితమైంది. నవంబరు మధ్య నుండి జనవరి మొదటి వరకు వారు సగటున పెరిగిన బరువు సుమారు 370 గ్రాములు మాత్రమే. ఇంతేనా అనిపిస్తుంది. కాని ఆ బరువు తర్వాతి నెలల్లో తగ్గలేదు. ఏటా ఇలా కొంచెం కొంచెం మిగిలిపోతే పదేళ్ళకు ఎంతవుతుందో ఆలోచించండి.

మన ఇంటి లెక్కలో చూద్దాం. నూనెలో వేగిన ఒక అరిసెలో పరిమాణాన్ని బట్టి 150 నుండి 200 కేలరీలు ఉంటాయి. మామూలు భోజనానికి అదనంగా రోజుకు ఒక్క అరిసె చొప్పున రెండు వారాలు తింటే సుమారు 2,500 కేలరీలు. అది దాదాపు మూడో వంతు కిలో కొవ్వుకు సమానం. క్రిస్మస్‌కు మొదలైన డబ్బా కొత్త సంవత్సరానికి మళ్ళీ నిండుతుంది. సంక్రాంతికి ఇరుగుపొరుగువారు పంపినవి కూడా అందులోనే చేరతాయి. టీ తాగేటప్పుడు ఒకటి, టీవీ చూస్తూ ఒకటి. ఇలా తిన్నది ఎవరి లెక్కలోకీ రాదు.

పల్నాడు తిండి ఎలా మారింది?

మన పల్నాడు ఒకప్పుడు జొన్నల సీమ. ఇక్కడి జొన్నకూటి మీద శ్రీనాథ కవి విసుక్కున్నాడని చెప్పే చాటు పద్యాలు మన పెద్దలకు తెలిసినవే. నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీళ్ళు వచ్చాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన మంచి మార్పులే ఇవి. కాని వరి అన్నం పండుగ భోజనం స్థానం నుండి మూడు పూటల భోజనంగా మారింది. పొలం పనిలో ఒళ్ళు వంచడం మాత్రం చాలామందికి తగ్గింది.

2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగర్ వ్యాధి ఉంది. మరో 13 కోట్లకు పైగా జనం దాని అంచున ఉన్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహా ఏమిటంటే, రోజు మొత్తం కేలరీలలో ధాన్యాల నుండి వచ్చేవి 45 శాతానికి మించకూడదు. 2,000 కేలరీలు అవసరమైన మనిషికి అది సుమారు 250 గ్రాముల బియ్యమో, జొన్నలో అవుతుంది. అది రోజంతటికీ.

పండుగ పూట ఒక భోజనం

రెండు పళ్ళేల పలావు సుమారు 1,000 కేలరీలు, వేటమాంసం కూర 300, చివరలో పెరుగన్నం 250, రెండు అరిసెలు 350, ఒక గ్లాసు కూల్ డ్రింకు 120. వంట తీరును బట్టి అటూ ఇటూ అయినా, ఒక్క పూటలోనే 2,000 దాటుతుంది. ఇందులో తగ్గించడం కష్టం కాదు.

1. పలావు ఒక్కసారే పెట్టించుకోండి. పళ్ళెంలో సగం కూరగాయలు, పచ్చి దోసకాయ, క్యారెట్, ఉల్లిపాయ ముక్కలు ఉండాలి. పావు భాగం మాంసం లేక పప్పు, పావు భాగం పలావు.

2. పలావు తిన్న తర్వాత మళ్ళీ తెల్లన్నం వద్దు. పెరుగు కావాలంటే పెరుగు చట్నీ గాని, పలుచని మజ్జిగ గాని తీసుకోండి.

3. కూర మీద తేలిన నూనెను గరిటెతో పక్కకు తీయండి. ఒక పెద్ద చెంచా నూనెలో 120 కేలరీలకు పైగా ఉంటాయి.

4. తీపి ఒక్కటే, అదీ భోజనంతోనే. బెల్లంతో చేసినది షుగర్‌కు మంచిదనే మాట నిజం కాదు. బెల్లం కూడా పంచదారలాగే రక్తంలో షుగర్ పెంచుతుంది.

5. 300 మి.లీ. కూల్ డ్రింకులో సుమారు 30 గ్రాముల పంచదార, అంటే ఆరు చెంచాలు. బదులుగా పంచదార వేయని నిమ్మకాయ నీళ్ళు, మజ్జిగ ఇవ్వండి.

6. భోజనమయ్యాక పదిహేను, ఇరవై నిమిషాలు నడవండి. బంధువుల ఇంటికి బండి మీద కాకుండా నడిచి వెళ్ళండి.

ఉదయం ఖాళీ కడుపుతో ఉండవద్దు

“మధ్యాహ్నం బాగా తినాలి కదా” అని ఉదయం ఏమీ తినకుండా కొందరు ఆరాధనకు వస్తారు. ఆరాధన ముగిసి, ఇల్లు చేరి, వడ్డన అయ్యేసరికి రెండు మూడు గంటలవుతుంది. షుగర్ మాత్రలు గాని, ఇన్సులిన్ గాని తీసుకునేవారికి ఇది ప్రమాదకరం. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, కళ్ళు తిరగడం వంటివి షుగర్ పడిపోయిందనడానికి గుర్తులు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వాలి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. అలాగే, తీపి ఎక్కువ తిన్నామని మాత్ర రెండింతలు వేసుకోవద్దు.

వడ్డించే చేతికి ఒక మాట

“ఏం అత్తయ్యా, పండగ పూట కూడా పథ్యమేనా? ఇంకొక్క గరిటె!” ఈ మాటలో ప్రేమ ఉంది. కాని వద్దన్న మనిషి పళ్ళెంలో కొసరి కొసరి వేస్తే, తర్వాత బాధపడేది ఆమె కాళ్ళు, కళ్ళు, మూత్రపిండాలు. షుగర్ ఉన్నవారు ఒంటరిగా నోరు కట్టుకుంటే నాలుగు రోజులకు మించి సాగదు. ఇల్లంతా తోడుంటే సాగుతుంది. పిండివంటలు ఈసారి సగమే చేయండి. చేసినవి పండుగ రోజునే పంచిపెట్టండి. మిగిలిన డబ్బా చేతికి అందని అటక మీద పెట్టండి.

చివరిగా ఒక సంగతి. ఈ తగ్గింపు అందరికీ కాదు. గర్భవతులు, పాలిచ్చే తల్లులు, టీబీ మందులు వాడేవారు, బలహీనంగా ఉన్న పిల్లలు, వృద్ధులు కడుపునిండా తినాలి. వారి పళ్ళెంలో మాంసం, గుడ్డు, పప్పు ముందుగా వేయండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యులను అడిగి తినాలి.

జనవరి నెలలో ఒకసారి వచ్చి బరువు, బీపీ, షుగర్ చూపించుకోండి. మీ కుటుంబమంతటికీ పండుగ శుభాకాంక్షలు.