మైనరు స్వరావళియు మన మేళములును

నాందేడు జిల్లా కిన్వట్టు తాలూకాలోని మాండవి ఆదిలాబాదు సరిహద్దునకు చేరువనున్నది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువఱకు ఆ తాలూకా ఆదిలాబాదు జిల్లాలోనిదే. ఇట్టి యెల్లప్రాంతమున హార్మోనియము నేర్చు తెలుగు బాలునకు ఒకే స్వరావళి మూడు పేర్లతో ఎదురుకావచ్చును. హిందూస్తానీ గురువు దానిని ఆసావరి థాటు అనును. కర్ణాటక విద్వాంసుడు 20వ మేళమగు నఠభైరవి అనును. పాశ్చాత్య స్వరలిపి పుస్తకము మైనరు అనును.

హార్మోనియముపై తెల్లమెట్లను మాత్రమే ఒకటవ శ్రుతినుండి, అనగా 'సి' నుండి, వాయించినచో శంకరాభరణ మగును; ఇదే మేజరు. ఆ మెట్లనే ఆరవ శ్రుతియగు 'ఎ' ను షడ్జముగా గొని వాయించినచో నఠభైరవి పలుకును. మెట్లు మాఱలేదు, ఆధారషడ్జము మాఱినది. మనవారు గ్రహభేద మనునది ఇదియే. మేజరు షడ్జమునకు మూడు అర్ధస్వరముల దిగువ దాని బంధువైన మైనరు ఉండును.

చిక్కంతయు ఇచ్చటనే పుట్టుచున్నది. స్వరలిపి పంక్తి మొదట వ్రాయు షార్పు, ఫ్లాటు గుర్తులు ఏ మెట్లు వాడవలెనో చెప్పును గాని, షడ్జ మెక్కడనో చెప్పవు. ఒక్క షార్పు ఉన్నచో అది 'జి' మేజరైనను కావచ్చును, 'ఇ' మైనరైనను కావచ్చును. తంబురా మ్రోగుచుండగా పాడు మనకు ఈ సందేహమే కలుగదు. వారికి మాత్రము పాట ఎచ్చట విశ్రమించుచున్నదో చూడక తప్పదు. తప్పుడు షడ్జమును పట్టిన విద్యార్థి ప్రతి స్వరమును సరిగా నొక్కియు, పాటను మాత్రము పోగొట్టుకొనును.

మఱియొక ఆనవాలు కలదు. మైనరునందు నిషాదము షడ్జమునకు రెండు అర్ధస్వరముల దూరమున నుండుటచే ముగింపు బిగువుగా నుండదని పాశ్చాత్యులు దానిని కాకలిగా హెచ్చింతురు. అప్పుడది మన కీరవాణి, 21వ మేళము. ఈ హెచ్చింపు పంక్తి మొదట కాక, ఆ స్వరము ప్రక్కనే వ్రాయబడును. 'ఇ' మైనరులో 'డి' ప్రక్కన షార్పు తఱచుగా కనబడుట ఇందువలననే. శుద్ధ ధైవతమునుండి కాకలికి మూడు అర్ధస్వరముల గెంతు పాడుటకు కష్టమని ఆరోహణమున ధైవతమును గూడ హెచ్చింతురు. అది గౌరీమనోహరి, 23వ మేళము. అవరోహణమున మరల నఠభైరవికే దిగుదురు. మనకు ఆ గెంతు దోషముగా దోచలేదు. కీరవాణి సొగసంతయు అందే యున్నదని నా యభిప్రాయము.

పేర్లను మాత్రము నమ్మరాదు. హిందూస్తానీ భైరవి థాటు మన హనుమత్తోడి. మన అసావేరి రాగము ఆ తోడికి జన్యమే గాని, ఆసావరి థాటునకు కాదు. దశ థాటులను నిర్ణయించిన భాతఖండే వేంకటమఖి మేళపద్ధతిని శ్రద్ధగా పరిశీలించినవాడు. 1904లో దక్షిణదేశయాత్ర చేసి ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులను సందర్శించెను. దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఆ సంవత్సరముననే తెలుగు లిపిలో వెలువడినది.